25.5 కిలోల తరుగు

మా బాల్కనీ మూలన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉంది. దాని పక్కన మేకుకి వేలాడే స్ప్రింగ్ త్రాసు, ఒక నోటు పుస్తకం. వంటింటి చెత్తా ఎండుటాకులూ వేసి కంపోస్టు చేద్దామన్నది మా ఆవిడ ఆలోచన. వేసిన ప్రతిసారీ తూచి పుస్తకంలో ఎక్కించాలన్నది నా జబ్బు. పాతికేళ్లుగా ఆడిట్ పనిలో ఉన్నవాణ్ణి. తూకం లేకుండా సరుకు లోపలికి వెళ్తుంటే నాకు నిద్ర పట్టదు.

మూడు నెలలయ్యాక మూత తీసి, తయారైనదంతా జల్లించి తూచాను. లోపలికి వెళ్లినవి: తొక్కలు, తొడిమలు, వాడిపోయిన ఆకుకూర కాడలు కలిపి 33 కిలోలు; ఎండుటాకులు 8.6 కిలోలు. మొత్తం 41.6. బయటికి వచ్చినవి: ఎరువు 13.2 కిలోలు, అడుగున ఉన్న కుళాయి తిప్పి పట్టిన నల్లటి నీళ్లు 2.9. మొత్తం 16.1. తేడా 25.5 కిలోలు.

గోడౌన్‌లో అరవై శాతం సరుకు కనిపించకపోతే ముందు కీపర్‌ని పిలుస్తాం, తర్వాత పోలీసుల్ని. ఇక్కడ డ్రమ్ముకి మూత ఉంది, ఎలుక దూరే సందు లేదు. "తరుగు అని రాసేయండి, అయిపోతుంది" అంది మా ఆవిడ. గింజలు ఆరితే తరుగు, లోహం కరిగిస్తే తరుగు. వ్యాపారంలో అందరూ రాసే మాటే. నాకు మాత్రం ఆ మాట మీద మొదటినుంచీ అనుమానమే. ఎవరైనా 'తరుగు' అని రాశారంటే, సరుకు పోయిన తలుపు వాళ్లు చూడలేదన్నమాట.

తొమ్మిదో క్లాసు చదువుతున్న మా అమ్మాయి పుస్తకంలోకి తొంగి చూసి, "నాన్నా, కుళ్లితే మట్టిలో కలిసిపోతుంది అంటారు కదా. ఇందులో అసలు మట్టే వెయ్యలేదుగా?" అంది.

నిజమే. పిడికెడు మట్టి కూడా వెయ్యలేదు.

నాకు తోచిన మొదటి పని, తడి ఎంత, పొడి ఎంత అని విడదీయడం. తొక్కలు అరకిలో తీసుకుని కరకరలాడేదాకా ఎండబెడితే 100 గ్రాములు మిగిలాయి. అంటే అయిదో వంతే సరుకు, మిగతాదంతా నీళ్లు. ఎండుటాకులు పేరుకే ఎండినవి. వంద గ్రాముల్లో 13 గ్రాములు తడి ఉంది. తయారైన ఎరువులో సగానికి సగం నీళ్లే. ఈ లెక్కన లోపలికి వెళ్లిన పొడి సరుకు 14 కిలోల చిల్లర, మిగిలింది 6.6 కిలోలు. నీళ్ల సంగతి తేలిపోయింది, సుమారు 18 కిలోలు ఆవిరైపోయాయి. పొద్దున్నే మూత లోపలివైపు చెమట పట్టినట్టు ఉండేది, ఆ సాక్ష్యం నా కళ్ల ముందే ఉంది. ఇక మిగిలింది ఏడున్నర కిలోల పొడి సరుకు. అది నీరు కాదు, ఆకూ తొక్కా నారా. అది ఎటు పోయింది?

మనం ఊపిరి పీల్చి వదిలినట్టే డ్రమ్ములోని బాక్టీరియా, బూజు కూడా పీల్చి వదులుతాయి. తిన్న ఆకులోని కార్బన్‌ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తాయి. ఎండిన ఆకులో కార్బన్ సగానికి కాస్త తక్కువ ఉంటుంది. ఏడున్నర కిలోల్లో సుమారు 3.4 కిలోలు వేసుకోండి. 12 గ్రాముల కార్బన్ 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ లెక్కన నా డ్రమ్ములోంచి వెళ్లిన వాయువు బరువు దాదాపు 12 కిలోలు.

ఈ అంకె చూసి నేను కాలిక్యులేటర్ పక్కన పెట్టేశాను. తగ్గింది ఏడున్నర, గేటు దాటింది పన్నెండు! తర్వాత వెలిగింది. ఆ వాయువులో ఆక్సిజన్ చాలావరకు డ్రమ్ము బయటినుంచి వచ్చింది. ఆకులోని హైడ్రోజన్ నీరుగా మారడానికి పట్టిన ఆక్సిజన్ కూడా కలిపి, ఆకులో ముందే ఉన్న ఆక్సిజన్ తీసేస్తే, మూడు నెలల్లో నా డ్రమ్ము గాలిలోంచి దాదాపు తొమ్మిది కిలోల ఆక్సిజన్ లాక్కుంది. దానికి నేను ఎంట్రీ రాయలేదు. గాలిని తూచాలన్న ఆలోచనే నాకు రాలేదు. సరుకు పోయిన తలుపు అదే, సరుకు వచ్చిన తలుపూ అదే.

'మట్టిలో కలిసిపోయింది' అంటాం, 'గాలిలో కలిసిపోయింది' అంటాం. మొదటిది చావు గురించి, కుళ్లడం గురించి. రెండోది ఆచూకీ లేకుండా పోయిన వాటి గురించి. ఇచ్చిన మాటలు కూడా గాలిలోనే కలుస్తాయి. ఆకు విషయంలో మాత్రం రెండూ తారుమారు. మట్టిలో కలిసేది కొంతే, ఎక్కువ భాగం గాలిలోనే కలుస్తుంది. పైగా అక్కడినుంచి తిరిగొస్తుంది కూడా.

మధ్యలో ఒక ఉపకథ. ఇది నా రెండో ప్రయత్నం. మొదటిసారి ఎండుటాకులు వెయ్యకుండా తడి చెత్త ఒక్కటే నింపి, మూత బిగించి, మంచి పని చేశానన్న తృప్తితో కూర్చున్నాను. పదో రోజుకి కుళ్లిన గుడ్ల వాసన. పక్కింటివాళ్లు మర్యాదస్తులు కాబట్టి మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగారు. జరిగింది ఇదీ: తడి చెత్త ముద్దయిపోయింది, లోపలికి గాలి ఆడలేదు. ఆక్సిజన్ లేని చోట బతికే బాక్టీరియా పనిలోకి దిగింది. వాటిలో కొన్ని గంధకంతో హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తాయి, కొన్ని మీథేన్ వదులుతాయి. చిత్తడి నేలల్లో అడుగు బురద కదిలిస్తే వచ్చే బుడగలు కూడా ఈ బాపతే. చక్రం అప్పుడు కూడా తిరుగుతూనే ఉంది, కాకపోతే ముక్కు మూసుకుని తిరగాలి. ఎండుటాకులు కలిపి, వారానికి రెండుసార్లు కింద మీద చేశాక వాసన పోయింది. కార్బన్ పాతిక ముప్ఫై పాళ్లు ఉంటే నైట్రోజన్ ఒక పాలు ఉండాలంటారు. తొక్కల్లో నైట్రోజన్ ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. రెండూ కలిస్తేనే సూక్ష్మజీవులకి సరైన భోజనం.

అలా కుదిరిన రెండో వారంలో థర్మామీటర్ మధ్యలోకి గుచ్చితే 51 డిగ్రీలు చూపించింది. చెయ్యి పెడితే చురుక్కుమంది. ఆ వేడి ఎండదే. ఎప్పుడో ఆకు పట్టుకున్న వెలుగు, ఇప్పుడు వేడిగా బయటికి పోతోంది. పదార్థం ఎన్నిసార్లయినా తిరిగొస్తుంది గానీ ఈ వేడి తిరిగి రాదు. అందుకే సూర్యుడు రోజూ కొత్తగా పెట్టుబడి పెట్టాల్సి వస్తోంది.

సరే, గాలిలోకి వెళ్లింది తిరిగి ఆకులోకి ఎలా వస్తుందన్న ప్రశ్న దగ్గర నాకొక పాత తూకం మనిషి దొరికాడు. యాన్ బాప్టిస్టా వాన్ హెల్మాంట్, పదిహేడో శతాబ్దపు వైద్యుడు. పొయ్యిలో ఎండబెట్టిన మట్టి 200 పౌండ్లు, అంటే సుమారు 91 కిలోలు కుండీలో పోసి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటాడు. దుమ్ము పడకుండా కుండీ మూతికి చిల్లులున్న రేకు కప్పాడు. వాన నీళ్లో, బట్టీ పట్టిన నీళ్లో తప్ప ఏమీ పొయ్యలేదు. అయిదేళ్ల తర్వాత చెట్టు 169 పౌండ్ల 3 ఔన్సులు తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులే, యాభై ఏడు గ్రాములు. ఆయన పోయాక 1648లో ఇది అచ్చయింది. చెట్టు మట్టిని తిని పెరగదని తూకం వేసి చూపించాడు. అంతవరకూ భేష్. తర్వాత, పోసింది నీళ్లే కాబట్టి చెట్టంతా నీళ్లతోనే తయారైందని తేల్చేశాడు.

ఒక ఆడిటర్‌గా ఆయన మీద నాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, నాలుగు శరదృతువుల్లో రాలిన ఆకుల్ని తూచలేదు. ఆయనే ఆ మాట ఒప్పుకున్నాడు. రెండోది, గాలికి ఖాతా తెరవలేదు. ఈ రెండోది తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఎందుకంటే 'గ్యాస్' అనే మాటను పుట్టించిందే ఈయన. 62 పౌండ్ల బొగ్గు కాలిస్తే ఒక్క పౌండు బూడిద మిగిలిందనీ, మిగతాదంతా కంటికి కనపడని ఒక గ్యాస్‌గా పోయిందనీ రాసిందీ ఈయనే. అదే మనం చెప్పుకుంటున్న కార్బన్ డయాక్సైడ్. పోయిన సరుకుకి పేరు పెట్టాడు, వచ్చిన సరుకులో అదే ఉందని గుర్తుపట్టలేకపోయాడు. రెండు చిట్టాలూ ఒకే బల్ల మీద ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. నా సర్వీసులో ఇలాంటివి చాలా చూశాను.

ఆ తర్వాత వందేళ్లకి పైగా పట్టింది. 1771లో జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ పెట్టి కొన్నాళ్లు ఉంచితే కొవ్వొత్తి మళ్లీ వెలుగుతుందని చూశాడు. 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్, ఆ పని చేసేది ఆకుపచ్చ భాగమేననీ, అదీ వెలుగు ఉంటేనేననీ తేల్చాడు. చెట్టు మానులో ఉన్న కార్బన్ అంతా గాలిలోంచి వచ్చిందే. మేజా బల్ల మీద గుద్దితే మోగేది ఒకప్పటి గాలే.

ఇక ఆకు. ఇది కాస్త దగ్గరగా చూడాల్సిన విషయం. ఎండుటాకులు ఏరడానికి వెళ్లినప్పుడు నేను వాటినీ ఊరికే వదల్లేదు. చెట్టు మీద పచ్చగా ఉన్నదొకటి, పసుపు తిరిగినదొకటి, కింద పడినదొకటి, పొరల అడుగున చివికినదొకటి తెచ్చి కాగితం మీద వరసగా పెట్టాను. పండుటాకు అంటే మనకి ముసలితనం గుర్తొస్తుంది, ఇవాళో రేపో రాలిపోయేదని. చెట్టు వైపు నుంచి చూస్తే అది వసూళ్ల సమయం. ఆకు రాలేలోపు చెట్టు అందులోని పచ్చరంగునీ మాంసకృత్తుల్నీ విడగొట్టి, నైట్రోజన్, ఫాస్ఫరస్ సుమారు సగం దాకా కొమ్మలోకి వెనక్కి లాగేసుకుంటుంది. పచ్చదనం పోయాక అడుగున ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. లాగాల్సింది లాగాక కాడ మొదట్లో ఒక పొర కట్టి, తలుపు మూసి, ఆకును వదిలేస్తుంది. అంటే నేను ఏరుకొచ్చిన ఎండుటాకులు ఖాళీ చేసిన జేబుల్లాంటివి. ఎండుటాకుల్లో నైట్రోజన్ ఎందుకు తక్కువో నాకు అప్పుడు అర్థమైంది.

నాలుగో ఆకుని భూతద్దం కింద పెట్టాను. మెత్తటి భాగమంతా పోయి ఈనెల వల మిగిలింది. వల కళ్లలో సగం ఖాళీ, సగం పొగమంచు లాంటి తెల్లటి దారాలు. అవి బూజు పోగులు. ఒక ఈనె మీద ఆవగింజలో పదో వంతు ఉన్న తెల్లటి పురుగు నడుస్తోంది. ఊపిరి తగిలితే చాలు, గెంతి మాయమైపోతోంది. స్ప్రింగ్‌టెయిల్ అంటారట. దాని ఆహారం ఆ బూజే. మెత్తటి చక్కెరల్నీ పిండినీ బాక్టీరియా ముందే ఊడ్చేస్తుంది. ఈనెల్ని గట్టిగా ఉంచే లిగ్నిన్ దగ్గర దాని పప్పులుడకవు. దాన్ని కొరకడం కొన్ని రకాల బూజులకే చేతనవుతుంది, వాటికీ చాలాకాలం పడుతుంది. ఆకుని మడిచి వాసన చూస్తే తొలకరి వాన వాసన. ఆక్టినోమైసీట్స్ అనే బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ వాసన అది. మా అమ్మాయి దాన్ని మళ్లీ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. మొదటి డ్రమ్ము రోజుల్లో బాల్కనీ తలుపు తీయని పిల్ల ఇదే.

లెక్క తేలని తూకాల్లో నాది చాలా చిన్నది. పెద్దది అమెరికాలోని అరిజోనా ఎడారిలో జరిగింది. 1991 సెప్టెంబరులో ఎనిమిది మందిని మూడెకరాల పైచిలుకు గాజు కట్టడంలో ఉంచి తలుపు మూశారు. దాని పేరు బయోస్ఫియర్ 2. మొదటి బయోస్ఫియర్ మనం ఉంటున్న భూమి. లోపల చిన్న అడవి, చిన్న సముద్రం, పొలం. గాలి, నీరు, ఆహారం అన్నీ అందులోనే తిరిగి తయారవ్వాలి. రెండేళ్లు ఉండాలన్నది పందెం.

నెలలు గడిచేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతూ వచ్చింది. 20.9 శాతంతో మొదలైంది, పదహారు నెలలకి 14 శాతం దగ్గరికి దిగింది. నాలుగు వేల మీటర్ల కొండ ఎక్కి కూర్చున్నట్టు. మెట్లెక్కితే ఆయాసం, నిద్రలో ఊపిరి అందకపోవడం. ఆక్సిజన్ ఎటు పోతోందన్నది ఊహించగలిగారు. పంటలు బాగా పండాలని నేలలో సేంద్రియ పదార్థం దండిగా పోశారు, నా డ్రమ్ములో లాగే సూక్ష్మజీవులు దాన్ని తింటూ ఆక్సిజన్ పీల్చేశాయి. మరి అలాగైతే అంతకి అంత కార్బన్ డయాక్సైడ్ పెరగాలి కదా? పెరగాల్సినంత పెరగలేదు. ఒక ఖాతాలో డెబిట్ ఉంది, దానికి సరిపడే క్రెడిట్ ఎక్కడా లేదు. మా భాషలో సస్పెన్స్ అకౌంట్, అంటే లెక్క తేలేదాకా పక్కన పెట్టే పద్దు.

జెఫ్ సెవెరింగ్‌హాస్ అనే యువ శాస్త్రవేత్తా, ఆయన సహచరులూ కార్బన్ ఐసోటోపుల (బరువులో కాస్త తేడా ఉన్న కార్బన్ పరమాణువుల) ఆనవాలు పట్టుకుని వెతికితే, దొంగ గోడలో దొరికాడు. మాటవరసకి అనడం కాదు, నిజంగానే గోడలో. లోపలంతా కొత్త కాంక్రీటు. కాంక్రీటులోని కాల్షియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని కాల్షియం కార్బనేట్ అయిపోతోంది, అంటే సున్నపురాయి. మొక్కల దాకా వెళ్లి మళ్లీ ఆక్సిజన్‌గా తిరగాల్సిన సరుకు గోడలో ఇరుక్కుపోయింది. 1993 జనవరిలో బయటినుంచి ఆక్సిజన్ పంపించాల్సి వచ్చింది. ఆ ప్రయోగం విఫలమైందని చాలామంది ఎగతాళి చేశారు. నాకు మాత్రం అంత విలువైన ఆడిట్ రిపోర్టు ఇంకొకటి కనపడలేదు. పదార్థం మాయం కాలేదు, తిరిగే దారిలోంచి పక్కకి తప్పుకుంది, అంతే. దానికే ఎనిమిది మందికి ఊపిరి ఆడలేదు.

గోడలో ఇరుక్కున్నది ఇదొక్కటే కాదు. పెద్ద భూమిలో కూడా గోడలున్నాయి. సముద్రం అడుగున గవ్వలు పేరుకుని సున్నపురాయి అవుతుంది, చిత్తడి అడవులు పూడిపోయి బొగ్గవుతుంది. కోట్ల ఏళ్ల పాటు ముట్టుకోని డిపాజిట్లు అవి. మనం వచ్చి వాటిని తవ్వి, ఒకటి రెండు శతాబ్దాల్లో నగదు చేసేసుకున్నాం. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద గాలిని తూచడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఆయన గీసిన గీత రంపం పళ్లలా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగురించి ఆకు తొడిగితే దిగుతుంది, ఆకులు రాలి కుళ్లితే ఎక్కుతుంది. ఏటా మే నెలకి శిఖరం. నా డ్రమ్ము చేసే పనే భూమి అంతా కలిసి చేస్తే కనిపించే గీత అది. పళ్లు అలాగే ఉన్నాయి గానీ రంపం మొత్తం పైకి లేచిపోతోంది. ఓపెనింగ్ బ్యాలెన్సూ క్లోజింగ్ బ్యాలెన్సూ ఏ ఏడూ సరిపోవడం లేదు.

నైట్రోజన్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే నా త్రాసుకి అది అందదు. గాలిలో 78 శాతం అదే. మొక్క దానిలో మునిగి ఉండి కూడా తాకలేదు. రెండు నైట్రోజన్ పరమాణువులు మూడు బంధాలతో అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడానికి ఫ్యాక్టరీలో నాలుగు వందల డిగ్రీల పైన వేడి, వంద వాతావరణాలకి మించిన ఒత్తిడి కావాలి. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో చేసి చూపించాడు, 1913లో కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాడు. చిక్కుడు జాతి మొక్కల వేళ్లలో ఉండే రైజోబియం బాక్టీరియా అదే పనిని మామూలు నేల వేడిలో, చప్పుడు చెయ్యకుండా చేస్తుంది. వేరు మీది బుడిపెని గోటితో చిదిమి చూడండి, లోపల గులాబీ రంగు ఉంటుంది. మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కి దగ్గరి చుట్టం, లెగ్‌హిమోగ్లోబిన్ రంగు అది. ఆక్సిజన్ ఎక్కువైతే బాక్టీరియా యంత్రం పాడవుతుంది కాబట్టి, ఆక్సిజన్‌ని పట్టి పట్టి అందించడం దాని ఉద్యోగం. మొక్కలో నెత్తురు లాంటి రంగు చూసి మా అమ్మాయి "ఛీ" అంది, వెంటనే ఇంకో బుడిపె చిదిమింది.

ఫాస్ఫరస్ దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. దానికి గాలి తలుపు లేదు. కార్బన్, నైట్రోజన్, నీరు వాయువుగా లేచి ఎక్కడికైనా వెళ్లి దిగగలవు. ఫాస్ఫరస్ రాయి నుంచి మట్టికి, మట్టి నుంచి వేరుకి, నీళ్లతో పాటు పల్లానికి, చివరికి సముద్రం అడుక్కి. మళ్లీ పైకి రావాలంటే సముద్రపు అడుగు కొండగా లేవాలి. అది లేకుండా డీఎన్ఏ లేదు, ఎముక లేదు. వాన కడిగిన ప్రతిసారీ అడవి కొంత పోగొట్టుకుంటుంది, మరి ఎలా నిలబడుతోంది?

అమెజాన్ అడవి విషయంలో జవాబులో కొంత భాగం ఆకాశంలో ఉంది. ఆఫ్రికాలో చాద్ దేశంలో బొదేలే అనే పల్లపు ప్రాంతం ఒకప్పుడు పెద్ద సరస్సు అడుగు. అందులో బతికిన సూక్ష్మజీవుల పెంకులు, అవశేషాలు ఇప్పుడు పొడి దుమ్ము. ఆ ప్రాంతంతో పాటు సహారా నుంచి గాలి ఎత్తుకెళ్లే దుమ్ము అట్లాంటిక్ దాటి, ఏటా సుమారు 2 కోట్ల 77 లక్షల టన్నులు అమెజాన్ మీద రాలుతుందని ఉపగ్రహ కొలతలతో 2015లో లెక్కగట్టారు. అందులో ఫాస్ఫరస్ 22 వేల టన్నులు. వానలకీ వరదలకీ అడవి ఏటా పోగొట్టుకునేది కూడా దాదాపు అంతే. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయినవాళ్లకే తెలుస్తుంది. ఎప్పుడో చచ్చిపోయిన సరస్సు, దాని మొహమైనా చూడని అడవికి ఇంకా బాకీ కడుతోంది.

చక్రంలో ఒక్క గుమాస్తా సెలవు పెడితే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 1788లో యూరప్ వలస ఓడలతో పాటు అక్కడికి ఆవులు వచ్చాయి. అక్కడి పేడపురుగులు కంగారూల ఎండు ఉండలకి అలవాటు పడినవి, తడి పేడ జోలికి పెద్దగా వెళ్లలేదు. ఒక ఆవు రోజుకి పది పన్నెండు పేడకళ్లు వేస్తుంది. అవి అలాగే అట్టలు కట్టి, నెలల తరబడి గడ్డిని కప్పేశాయి. వాటిలో ఈగలు పుట్టి మనుషుల్నీ పశువుల్నీ పీక్కుతిన్నాయి. హంగరీ నుంచి వచ్చిన జార్జ్ బోర్నెమిస్సా అనే కీటక శాస్త్రవేత్త ఈ సంగతి పట్టుకున్నాడు. 1965 నుంచి 1985 దాకా నడిచిన ప్రాజెక్టులో ఆఫ్రికా, యూరప్‌ల నుంచి పేడపురుగుల్ని తెచ్చి వదిలారు. నలభై పైగా జాతుల్ని వదిలితే 23 నిలదొక్కుకున్నాయి. అవి పేడని ముక్కలు చేసి సొరంగాల్లోకి దించేశాయి. అప్పటిదాకా ఎరువు నేల మీదే ఉంది, కిందకి మొయ్యడానికి కూలీ లేడు. ఆఫీసుల్లో ఫైలు కదలకపోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

నా పుస్తకం సంగతి చెప్పి ముగిస్తాను. 'తరుగు' అని పెన్సిల్‌తో రాసినది చెరిపేసి, ఎర్ర ఇంకుతో 'గాలి' అని కొత్త ఖాతా తెరిచాను. పోయిన నెల పది కిలోల మట్టిని ఓవెన్‌లో విడతలు విడతలుగా ఎండబెట్టి, బకెట్‌లో పోశాను. ఎరువు గుప్పెడైనా కలపలేదు. వాన్ హెల్మాంట్ చేసిన రెండో తప్పు నేను చెయ్యను, మొదటి తప్పు కూడా చెయ్యను. రాలిన ప్రతి ఆకూ కవర్లో వేసి తూస్తున్నాను. ఎరువు కుప్పలో తనంతట తానే మొలిచిన గుమ్మడి మొక్కని వేళ్లు కడిగి, తడి తుడిచి తూస్తే 6 గ్రాములు. దాన్ని నాటాను. నాలుగు వారాలయ్యాక మొక్కని పీకి, మట్టిని మళ్లీ ఎండబెట్టి తూచాలని ప్లాన్.

నాలుగు వారాలు మొన్న ఆదివారానికి అయిపోయాయి. తీగ బాల్కనీ కడ్డీలెక్కి పక్కింటి వైపు తిరిగింది. నిన్న పొద్దున్న మొదటి పువ్వు విచ్చింది. మా అమ్మాయి త్రాసు తీసి ఎక్కడో దాచేసింది, అడిగితే చెప్పడం లేదు. నేనూ గట్టిగా అడగలేదు.